నీళ్ళల్లో ఒక్కతూరే

మా కోదండ మామ ఇక లేడన్న వార్తను నాకు ఎవరూ చెప్పలేదు. ఊరికి ఆ వార్తను మోసుకొచ్చినదాన్ని నేనే. కడప సీమలో సున్నపురాతి గుట్టల నడుమ, ఒక దిగుడుబావి ఒడ్డున తడి బట్టలతో కూర్చుని గుడియాత్తానికి ఫోన్ చేశాను. "అత్తా" అన్నాను. అంతవరకే. అవతల ఆయన భార్య పుష్పావతి అత్త, "ఎవురు పాపా, ఆయనేనా?" అని అడిగింది. ఏమైంది అని అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఫోన్ కోసం ఆవిడ లోలోపల ఎన్నిసార్లు ఎదురుచూసిందో నాకు తెలియదు.

పుట్టినవాడు గిట్టక తప్పదంటారు. మొన్న వేలూరులో జరిగిన సంతాప సభలో ఆ మాట నలుగురైదుగురు అన్నారు. ఒక పెద్దమనిషి 'జలసమాధి' అన్నాడు. సమాధి అంటే మనిషి తనంతట తాను కూర్చునేది. మా మామ అలా కూర్చునే మనిషి కాడు. వచ్చే సోమవారానికి మోటారు బాగుచేసి ఇస్తానని ఆలంగాయం రైతు ఒకాయనకు మాటిచ్చి బయలుదేరినవాడు. ఆ మోటారు ఇప్పటికీ అంగట్లో విప్పి పెట్టినట్టే ఉంది. ఆయన గుణగణాలను స్మరించడానికే ఈ నాలుగు మాటలు రాయబూనాను. అయితే స్మరించడంతో పాటు దిద్దవలసిన తప్పు కూడా ఒకటుంది. అది నాది. చివరికి వస్తాను.

కోదండరామ నాయుడు గుడియాత్తంలో మోటారు వైండింగ్ అంగడి నడిపేవాడు. మా అమ్మకు పెదనాన్న కొడుకు, కాబట్టి నాకు మేనమామ. మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ అరవసీమకు వచ్చి సేద్యంలో స్థిరపడ్డారో చెప్పగలిగినవారు ఇప్పుడెవరూ లేరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో రెండూ. నేను లత్తేరిలో పుట్టినా చిత్తూరులో అమ్మమ్మగారింట చదువుకున్నాను, అందువల్ల నాకు తెలుగు రాయను చదవను వచ్చు. మామకు రాదు. ప్రస్తుతం వేలూరులో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. నీళ్ళ లోపల ఎలా బతకాలో నాకు నేర్పిన గురువు మాత్రం పదో తరగతి దాటని ఈ మేనమామే.

ఆయనకు నీటి విద్య అబ్బింది వ్యవసాయ బావుల్లో. పంపుసెట్టు తెగి బావిలో పడితే రైతులు ఆయన్ను పిలిచేవాళ్ళు. ముక్కు మూసుకుని దిగి, మోకు తగిలించి వచ్చేవాడు. మోటార్ల కోసం పిలిచినవాళ్ళే తర్వాత మనుషుల కోసం పిలవడం మొదలుపెట్టారు. లత్తేరి పక్కన ఒక బావిలో పడిపోయిన ఇల్లాలిని వెతకడానికి ఆయన దిగినప్పుడు గట్టున నేనూ ఉన్నాను. మనిషి దొరికిందని మోకు ఊపి సైగ చేశాడు గాని పైకి మాత్రం రాలేదు. గట్టు మీద అందరికీ భయం పట్టుకుంది. చాలాసేపటికి వచ్చాడు. ఆలస్యమెందుకని నేను కోప్పడితే, "చీర సరిచేసి కట్టినా పాపా. మొగోళ్ళు నూరుమంది చూస్తా ఉండారు గదా" అన్నాడు. ఊపిరి బిగబట్టి, ఎవరో తెలియని ఆడమనిషికి నీళ్ళ అడుగున చీర కట్టిన మనిషి ఆయన. ఆయన శీలాన్ని గురించి సభలో ఎంతో సేపు మాట్లాడారు గాని, ఈ సంగతి ఎవరికీ తెలియదు.

తర్వాత ఆయన దేశాంతరం పోయి, గుహల్లో ఈదే విద్యను శాస్త్రీయంగా నేర్చుకుని వచ్చాడు. బావికి పైన ఆకాశం ఉంటుంది, గుహకు ఉండదు. ఏం జరిగినా నిలువునా పైకి తేలడానికి వీల్లేదు, పోయిన దారినే తిరిగి రావాలి. ఆ విద్యలోని మూలసూత్రాన్ని ఆయన తన కౌలు భాషలో చెప్పేవాడు: "గాలిని మూడు పాళ్ళు చెయ్యి. పొయ్యేదానికి ఒక పాలు, వచ్చేదానికి ఒక పాలు. మూడోది నీది కాదు పాపా, నీ పక్కనోడిది."

నీటి స్కూటర్ కథ చెప్పకుండా ఉండలేను. బారెడు గొట్టం, దాని కొనన తిరిగే రెక్క, పట్టుకోవడానికి పిడి, లోపల బ్యాటరీ. మనిషిని నీళ్ళలో లాక్కుపోయే యంత్రం అది. కొనడానికి ముందు దాన్ని తానే చేస్తానని పట్టుబట్టి, అంగట్లో పడి ఉన్న ఒక మోటారుతో చేశాడు. బావిలో దిగి మీట నొక్కితే యంత్రం నిలబడిన చోటే ఉంది, మామే గిరగిర తిరిగాడు. గట్టున కూర్చున్న ముసలాయన ఒకరు, "ఏమప్పా కోదండం, మజ్జిగ చిలకతా ఉండావా?" అన్నాడు. ఆ మాట గుడియాత్తం అంతా పాకింది. ఆయన కూడా నవ్వాడు. చివరికి మంచి యంత్రాలు రెండు తెప్పించుకున్నాం, వాటిని ఆయన తన వైండింగ్ బల్ల మీదే విప్పి బిగించేవాడు.

రీబ్రీదర్ అనే యంత్రం మీద ఆయనకున్నది దాదాపు భక్తి. మామూలు సిలిండరుతో పోతే విడిచిన ఊపిరి బుడగలై వృథాగా పోతుంది. ఈ యంత్రం విడిచిన ఊపిరినే శుద్ధిచేసి తిరిగి ఇస్తుంది. అందులోని చెడుగాలిని పీల్చుకునేది డబ్బాలో నింపిన ఒక రకం సున్నం. ఆ సున్నపు గుళికల మధ్య సందు మిగలకుండా నింపాలి. మామ స్నానం చేసి, చాప మీద కూర్చుని, డబ్బాను తట్టి తట్టి నింపేవాడు. అత్త వంటింట్లోంచి దెప్పిపొడిచేది: "యింటికి సున్నం కొట్టమంటే మూడేండ్లుగా వాయిదా. ఆ డబ్బాకైతే పూజ మాదిరి కూచుంటాడు." ఆయన తల ఎత్తకుండా, "గోడ ఊపిరి పీల్చదు గదా పుష్పా" అనేవాడు.

ఆ ఇంటి భోజనం గురించి కూడా చెప్పాలి. మా వైపు తెలుగులో 'చాలు' అనే మాట దాదాపు లేదు. తమిళం నుంచి వచ్చిన 'పోదుం' అనే మాటనే వాడతాం. అయితే విస్తరి ముందు కూర్చుని 'పోదుం' అన్నంత మాత్రాన మా ఇళ్ళల్లో గరిటె ఆగదు. మొదటిసారి అంటే మొహమాటం, రెండోసారి అంటే మర్యాద. మూడోసారి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడితేనే నిజం. అత్త ఆ చేతుల సందులోంచి కూడా వడ్డించగల సమర్థురాలు. ముళ్ళవంకాయ పులుసు చేసిన రోజు మామ మూడుసార్లేమిటి, లేచి నిలబడి చెప్పినా ఇంకో గరిటె పడేది.

నాకు మొదటి పాఠం చెప్పిన రోజు ఆ విస్తరి ముందే చెప్పాడు. "యింట్లో పోదుం మూడుతూర్లు. నీళ్ళల్లో ఒక్కతూరే. ఎవురు చెప్పినా సెరే, ఎందుకని అడగకూడదు, తిరగాల్సిందే. అర్థమైనాదా?" అర్థమైందన్నాను. రీబ్రీదర్‌లో బుడగల రొద ఉండదు గనక, నోట్లో గొట్టం ఉన్నా గొంతు కొంచెం వినబడుతుంది, నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టు. చేతి సైగలు, దీపం సైగలు ఉండగా మాటలేమిటని తక్కిన ఈతగాళ్ళు మమ్మల్ని ఆటపట్టించేవాళ్ళు. మామ ఊరుకునేవాడు కాదు. లోపల ఒక చేప కనబడ్డా, "పాపా, సూడు సూడు" అని గొట్టంలోంచే గొణిగేవాడు.

ఆయన దగ్గర నీటిలో తడవని కాగితాల పుస్తకం ఒకటి ఎప్పుడూ మణికట్టుకు కట్టి ఉండేది. రాసేది తెలుగే, అక్షరాలు మాత్రం తమిళం. తెలుగు అక్షరాలు నేర్పుతానని నేను ఎన్నోసార్లు వెంటపడ్డాను. "మాట మనదైతే సాలదా పాపా? కాగితం యాడిదైతే ఏమి" అని తప్పించుకునేవాడు. మా బృందంలోని తక్కిన నలుగురూ ఆంధ్ర వాళ్ళు. వాళ్ళకు తమిళం చదవడం రాదు. అంచేత ఆ పుస్తకంలో ఏముందో నీళ్ళలో నాకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

ఇక ఆ రోజు సంగతి. దిగుడుబావి అడుగున మొదలయ్యే ఆ గుహలో మేము అంతకుముందు రెండుసార్లు ఒక ఇరుకు దాకా పోయి తిరిగొచ్చాం. ఇరుకు దాటితే గుట్టకు అవతలి పక్క పారే ఊటకు దారి కలుస్తుందేమోనని నాకు ఆశ. మామకు అంత ఆత్రం లేదు. "కలిస్తే కలస్తాది, లేకుంటే లేదు. నీళ్ళకు తెలుసు గదా, మనకు తెలవకుంటే ఏమి" అనేవాడు. ఆత్రమంతా నాదే. పొద్దున్నే ఇద్దరం స్కూటర్లు పట్టుకుని దిగాం, తక్కినవాళ్ళు పైన, మధ్యలో కాపు ఉన్నారు. ఇరుకు దాటాం. అవతల రథం పట్టేంత దారి! నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నేను ముందు, దారి తప్పకుండా తాడు పరుస్తూ పోతున్నాను. ఆయన వెనక.

ఒక మలుపు తిరిగాను. వెనక నుంచి గొంతు వినబడింది, ఒకే ఒక్క మాట. నా స్కూటర్ రొదలో దాని నడిమి అచ్చు కొట్టుకుపోయింది. నాకు 'పోదాం' అని వినబడింది. పోదాం అంటే పోదామనే. మీట నొక్కి ముందుకు పోయాను. దీపాన్ని కూడా అడ్డంగా ఊపే ఉంటాడు. మలుపు అవతల ఉన్నదాన్ని, నాకు కనబడలేదు. ఎంతసేపు పోయానో చెప్పగలను, యంత్రంలో నమోదై ఉంది. ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ నేను సంతోషంగా ఉన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆయన డబ్బాలోని సున్నం సత్తువ అప్పటికే ఉడిగిపోతోంది. ఎందుకో ఎవరూ తేల్చలేదు. చెడుగాలి లోపలే తిరుగుతుంటే తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. అప్పుడు కదలకుండా నిలిచి, యంత్రం వదిలి, ఆపద కోసం పక్కన కట్టుకున్న సిలిండరు గొట్టం నోట పెట్టుకుని, నెమ్మదిగా వెనక్కి మళ్ళాలి. ఆయన నాకు నేర్పింది అదే. ఆయన ఒక్కడే వెనక్కి మళ్ళి ఉంటే ఇవాళ ఆలంగాయం రైతు మోటారు తిరుగుతూ ఉండేది. నేను తిరగకపోవడం చూసి నా వెనక వచ్చాడు. స్కూటర్‌ను పూర్తి వేగంతో తోలుకుని, కాళ్ళు కూడా ఆడిస్తూ వచ్చాడు. కష్టపడేకొద్దీ ఆయాసం పెరుగుతుంది, ఆయాసం పెరిగేకొద్దీ చెడుగాలి పెరుగుతుంది. మూడో పాలు పక్కనోడిదన్నాడు కదా. ఆ పాలు నాకోసం ఖర్చుపెట్టాడు.

నన్ను చేరేటప్పటికి ఆయన ఊపిరి కొలిమితిత్తిలా వినబడుతోంది. నా భుజం పట్టుకుని, ఏదో తెల్లటిది నా ముఖం ముందు పెట్టాడు. నేను దాన్ని పక్కకు తోసేసి నా సిలిండరు గొట్టం ఆయన నోటికి అందించాను. అంత రొప్పులో ఉన్న మనిషి ఒక గొట్టం వదిలి ఇంకొకటి అందుకోవడానికి ఆ ఒక్క క్షణం కూడా ఊపిరి ఆపుకోలేడు. మూడుసార్లు ప్రయత్నించాం. తర్వాత నా భుజం మీది పట్టు సడలింది.

ఆయన్ను నా స్కూటర్‌కు తగిలించుకుని వెనక్కి తెచ్చాను. ఇరుకులో ఎలా దాటించానో నాకు గుర్తులేదు. అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి వస్తే ఒంట్లో చేరిన గాలి బుడగలై మనిషిని చంపుతుంది. అంచెలంచెలుగా ఆగుతూ రావాలి. మావాళ్ళు వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. నేను రెండు గంటలకు పైగా ఆ బావి నీళ్ళలో వేలాడుతూ ఉండిపోయాను. పైన ఎండ కనబడుతోంది, దాని మీద మనుషుల నీడలు అటూ ఇటూ పోతున్నాయి. ఆ రెండు గంటల్లోనే 'పోదాం' అనే మాటను నేను గట్టిచేసుకున్నాను. పైకి రాగానే అందరూ అడిగితే, "పోదాం అన్నాడు" అని చెప్పాను.

ఆ మాట నాకంటే ముందు ఊరికి చేరింది. వేలూరు సభలో ఆయన నిలువెత్తు ఫొటో పక్కన బ్యానరు కట్టారు. 'పోదాం' అని తెలుగులో ఒకసారి, తమిళ అక్షరాల్లో ఒకసారి రాసి, ముందుకు నడిపించిన చివరి పిలుపు అని కింద అచ్చువేశారు. ఒకాయన ఆ మాటను పట్టుకుని సాహసం మీద ఉపన్యాసమిచ్చాడు. సభికులు కన్నీళ్ళు తుడుచుకున్నారు. అత్త ముందు వరసలో, ఆ బ్యానరుకు ఎదురుగా, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అటే చూసింది గాని, నావైపు చూడలేదు. వేదిక మీద నన్నూ మాట్లాడమన్నారు. నేనూ ఆ మాటే చెప్పాను.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం గుడియాత్తం పోయాను. అత్త ఆ చేతిసంచిలోంచి పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. ఆయన మణికట్టున ఉన్న పుస్తకం. బట్టలతోపాటు పోలీసులు ఆవిడకే అప్పగించారట. మావాళ్ళెవరూ చదవలేకపోయారు గదా.

"కడపటి పేజీ సూడు పాపా" అంది.

తమిళ అక్షరాలు, వంకరటింకరగా, పేజీ అంతా నిండేటట్టు ఒకే మాట. నేను చూసి, సిగ్గు లేకుండా, "పోదాం అనే రాసినాడు అత్తా" అన్నాను.

"కండ్లు సరిగ్గా పెట్టి సూడు."

చూశాను. ఆ లిపిలో 'దా'కూ 'దు'కూ పోలికే లేదు. ఒకటి పక్కన నిలబడే గుర్తు, ఇంకొకటి అక్షరానికే చుట్టుకున్న కొమ్ము. అంత ఆయాసంలోనూ ఆయన ఆ కొమ్మును దిద్ది దిద్ది రాశాడు. పోదుం. నా ముఖం ముందు పెట్టిన తెల్లటిది ఇదే. నేను పక్కకు తోసేసింది ఇదే.

"నువ్వు ఎప్పుడు చూసినావు అత్తా?"

"ఆయన్ని తెచ్చిన దినమే."

"మరి సభలో..."

"నువ్వే వచ్చి చెప్తావులే అని ఉంటిని."

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. నా చెవి తప్పు విన్నదని చెప్పవచ్చు. స్కూటర్ రొద అనవచ్చు. రెండు భాషల మధ్య ఒక అచ్చు తేడా అనవచ్చు. అవన్నీ నిజాలే. కానీ నా చెవి తనకు కావలసిన మాటనే విన్నది. ముందుకు పోవాలని ఉన్నది నాకు. అదే అత్తకు చెప్పాను. "ఆయన పోదుం అన్నాడత్తా. నేను వినలేదు. నేను తిరిగి ఉంటే ఆయన ఉండేవాడు" అన్నాను. ఆవిడ గోడవైపు చూస్తూ కూర్చుంది. సున్నం కొట్టని గోడ అది.

తర్వాత అంది: "ఆయన పోదుం అంటే నేను మాత్రం యానాడు విన్నా? యింకో గరిటె వేసేదాన్నే గదా. మన యిండ్లల్లో ఆ మాట ఎవురు విన్నారు పాపా?"

ఓదార్పుగానే అన్నది. దాన్ని ఓదార్పుగా తీసుకునే హక్కు నాకు లేదు. యింట్లో మూడుతూర్లు, నీళ్ళల్లో ఒక్కతూరే అని ఆయన నాకు విడమరచి చెప్పాడు, అర్థమైందని నేను ఒప్పుకున్నాను.

కనుక ఆ బ్యానరు చూసినవారికి, ఆ ఉపన్యాసం విన్నవారికి విన్నవించుకుంటున్నాను. ఆ మాట కోదండరామ నాయుడుది కాదు, నాది. ఆయన ఎవరినీ ప్రమాదంలోకి రమ్మని పిలవలేదు. తన విద్య ప్రకారం, సరైన చోట, సరైన వేళకు, ఒక్కసారి చెప్పాడు. వినకపోతే రాసి చూపించడానికి ప్రాణం పెట్టి వచ్చాడు. అటువంటి గురువు నాకు మళ్ళీ దొరకడు. ఆయన లేని నీళ్ళలోకి నేను మళ్ళీ దిగను. స్కూటర్లు రెండూ ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. కాలమే మాన్పుతుందని చెప్పేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు, కానీ నేను నమ్మడం లేదు.

ఆ మధ్యాహ్నం అత్త నన్ను తినకుండా పంపనంది. విస్తరి వేసి, ముళ్ళవంకాయ పులుసు కలిపిన అన్నం పెట్టింది. నాలుగు ముద్దలు దిగాయి. మళ్ళీ గరిటె ఎత్తి వంగింది.

"పోదుం అత్తా" అన్నాను.

గరిటె అక్కడే ఆగిపోయింది.